ఈతవనం కాలనీలో ఆఖరి నల్లా

లత కెమెరా ముందు అందంగా పడని మనిషి కోరుట్లలో ఇంకా పుట్టలేదు. పన్నెండేళ్లుగా పెండ్లిళ్లు, ధోతి ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తోంది. ముక్కు వంకరున్న పెండ్లికొడుకును ఏ పక్కకు తిప్పి నిలబెట్టాలో, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన పెండ్లికూతురి కళ్లను ఏ వెలుగులో దాచాలో ఆమెకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అంత పనిమంతురాలు, మొన్న ఎండాకాలం, నలుగురి పరువు తీద్దామని కావాలనే కెమెరా భుజాన వేసుకుని బయలుదేరింది. బయలుదేరి ఎట్లా బోర్లా పడిందో చెప్తాను, వినండి.

లత తల్లి పోశవ్వ ఇల్లు ఊరి చివర, ఈతవనం కాలనీలో ఆఖరి ఇల్లు. ఆఖరి ఇల్లంటే నీళ్ల పైపుకూ ఆఖరే. అక్కడ ఒకప్పుడు నిజంగానే ఈతవనం ఉండేది. పోశవ్వ మొగుడు ఆ చెట్లెక్కి, కల్లు గీసి, ఇద్దరు ఆడపిల్లలను పెంచాడు. ఆయన పోయాక ఎవరో చెట్లన్నీ కొట్టించి ప్లాట్లు చేశారు. ముందర ఒక కమాను కట్టి, కాలనీకి పచ్చిక బయళ్లని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరొకటి రాయించారు. ఉన్న పచ్చదనాన్ని నరికి పేరులో పెట్టుకోవడానికి ఎంత తెలివి కావాలి! జనం మాత్రం ఇప్పటికీ ఈతోనం అనే అంటారు.

ప్లాట్లు కొన్నవాళ్లలో సగం మంది గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, మిగతా సగం ఇంకా అక్కడే ఉన్నవాళ్లు. ఎడారిలో కళ్లు కాయలు కాచినవాళ్లకు గడ్డి మీద ఎంత ఆశ ఉంటుందో వాళ్లిళ్ల ముందర చూడాలి. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, చుట్టూ నేల నెర్రెలు విచ్చితే, గేటు లోపల మాత్రం పచ్చటి లాన్! రోజు విడిచి రోజు పొద్దున ఓ గంట నల్లా వదులుతారు. ఆ గంటలో ప్రతి ఇల్లూ నల్లాకు మోటరు తగిలించి నీళ్లు గుంజేస్తుంది. ట్యాంకు నిండినాక లాన్‌కు, లాన్ నిండినాక కారుకు, కారు కడిగినాక చల్లబడుతుందని సిమెంటు రోడ్డుకు. పోశవ్వ నల్లాకు వచ్చేసరికి గాలి మాత్రం మిగులుతుంది. ఓ నిమిషం బుస్సుమంటుంది, అంతే. మూడేళ్లుగా తల్లీకూతుళ్లు బడి దగ్గరి బోరింగు నుంచి స్కూటీ మీద క్యాన్లతో నీళ్లు మోసుకుంటున్నారు.

మోసుకున్నన్నాళ్లు మోసుకున్నారు. ఇంతలో లత చెల్లెలు సంధ్య తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. జగిత్యాల దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. బంగారంలాంటి పిల్ల. వారం తిరక్కముందే సిరిసిల్ల నుంచి సంధ్య అత్త రాజవ్వ ఫోన్ చేసింది.

"వదినె, తప్పువట్టుకోకు. నీళ్లు రాని ఇంట్ల బాలింత, పసిపిల్ల ఎట్లుంటరు? ఇరవయ్యొక్కటో నాడు మేమే అస్తం. మీ నల్లాల నీళ్లస్తే గాడనే మొక్కిద్దాం, మూన్నెల్లు నీ తానే ఉంచుకో. రాకుంటే గా దినమే కోడలిని, పిల్లను తోలుకొని పోతం."

ఇరవయ్యొకటో రోజంటే సామాన్యమైన రోజు కాదు. బాలింత బావి దగ్గరకు పోయి, అయిదు రాళ్లు పెట్టి, గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తో బిందె నింపుకుని ఇంట్లోకి రావాలి. అంతవరకు వంటింటి నీళ్లు ముట్టదు. ఇప్పుడు బావులెక్కడివి? పూడ్చిన బావుల మీద మేడలు లేచాయి. అందుకని అందరూ నల్లానే బావి అనుకుని మొక్కుతున్నారు. మరి ఆ నల్లా బుస్సుమంటే ఏం చేయాలి?

పోశవ్వ ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుంది.

"తొలి కాన్పుకు మూన్నెల్లన్న తల్లిగారింట్ల ఉంచుకోకపోతిని. నాదేం బతుకే లతా?" అని కళ్లొత్తుకుంది.

రాజవ్వది తప్పని అనడానికి లేదు, అక్కడే వచ్చింది చిక్కు. లత నేరుగా నీళ్లు వదిలే ఎల్లేశం దగ్గరకు పోయింది. అతడు వాల్వు తిప్పే కడ్డీని భుజాన పెట్టుకుని నిలబడి, ముక్కు గీరుకున్నాడు.

"నేను వాల్వు తిప్పుడే గని వాళ్ల మోటర్లు తిప్పలేను గదనే. జెప్తే మా ఒక్కరికేనా అని నా మీదికే లేస్తరు. నువ్వు ఫోటోలు తీస్తవు గద, నీళ్లు పారవోసుడు తీసి కాలనీ గ్రూపుల పెట్టు. సిగ్గుకన్న బందు చేస్తరు."

మంచి మాటే అనిపించింది. ఇరవయ్యొకటి ఇంకా పదిహేను రోజులుంది. మర్నాడు నల్లా వచ్చే పొద్దున లత కెమెరా పట్టుకుని కాలనీ మీద పడింది.

మొదట రాజమల్లు ఇల్లు. యాభై ఆరేళ్ల మనిషి. షార్జాలో బల్దియా పని, అంటే రోడ్ల పక్కన గడ్డికి నీళ్లు పట్టడం, ఇరవై రెండేళ్లు చేసి వచ్చాడు. కాలనీలో అందరికన్నా పెద్ద లాన్ ఆయనదే. పైపు లాన్ మీద వదిలేసి, ఆయన పళ్లు తోముకుంటున్నాడు. నీళ్లు గడ్డిని ముంచి, ర్యాంపు దిగి, రోడ్డు మీద వాగులా పోతున్నాయి. దొరికాడు మహానుభావుడు, అనుకుని లత కెమెరా ఎత్తింది.

"ఆగాగు బిడ్డా!" అంటూ రాజమల్లు నోట్లోని నురుగు ఉమ్మేసి లోపలికి ఉరికాడు. రెండు నిమిషాల్లో ఇస్త్రీ తెల్లంగీ వేసుకుని, భార్య కల్యాణిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇగో, పైపు పట్టుకోవే. ఇంకొంచెం పైకి లేపు, మంచిగ పడాలె. మోటరు పెద్దగ పెట్టనా లతా?"

ఆ పూట లతను చూసిన ప్రతివాడూ అదే పని చేశాడు. కారు కడుగుతున్నవాడు దువ్వెన కోసం పరిగెత్తాడు. రోడ్డు తడుపుతున్నావిడ నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చి, ఈసారి ఎదురింటి ముందర కూడా తడిపింది. పోనీ వీళ్లంటే అమాయకులు. లతకేమైంది? పొద్దుటి ఎండ వాలుగా పడి, నీటి తుంపర్లో చిన్న ఇంద్రధనుస్సు తేలేసరికి ఆమె చెయ్యి ఆగలేదు. మోకాలి మీద వంగింది, పక్కకు జరిగింది, "మామా, జర గదువ లేపు, నవ్వు" అని కూడా అనేసింది. పన్నెండేళ్ల అలవాటు, ఒక్క పూటలో పోతుందా!

ఫోటోలు గ్రూపులో పెట్టింది. చూస్తే వాళ్లకే అర్థం కాదా అని కింద ఒక్క ముక్కా రాయలేదు. సాయంత్రానికి లెక్కలేనన్ని గుండె బొమ్మలు వచ్చాయి. 'సూపర్ లతక్క', 'మన కాలనీ దుబాయిలెక్క ఉన్నది', 'మా ఇంటికి రాలేదేంది, మాది లాన్ కాదా?' అని నిష్ఠూరాలు. రాజమల్లు తన ఫోటోను స్టేటస్ పెట్టుకున్నాడు. దాన్ని ఆయన చుట్టాలు, వాళ్ల చుట్టాలు కూడా పెట్టుకున్నారు.

మంచం మీద పాలిస్తున్న సంధ్య ఫోన్ చూసి, నవ్వితే కడుపు నొస్తుందని మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అక్కా, నువ్వు గాడిద ఫోటో తీసినా గుర్రమే పడ్తదే!"

"నవ్వవే నవ్వు. ఎల్లుండి సూడు, పరువు తీసి పందిట్లేస్త" అంది లత ఉక్రోషంగా.

ఎల్లుండి ఇంకా అన్యాయం. లత వస్తుందని ఏడింటికే అందరూ తయారై గేట్ల ముందర నిలబడ్డారు. ఎన్నడూ నీళ్లు పట్టని ఇంటివాళ్లు కూడా ఎక్కడినుంచో పైపు ఎరువు తెచ్చుకున్నారు. ఆ రోజు పోశవ్వ నల్లా బుస్సుమని కూడా అనలేదు. దొంగను పట్టబోయిన మనిషి దొంగకు నిచ్చెన వేసినట్టయింది.

ఇది చాలదన్నట్టు సిరిసిల్ల నుంచి రాజవ్వ ఫోన్.

"లతా, మా ఆడిబిడ్డ ఫోన్ల మీ కాలనీ ఫోటోలు సూసిన. అబ్బో, నీళ్లే నీళ్లు! గింత మంచిగస్తుంటే మీ అవ్వ రానట్టే ఉండెనేంది? ఇగ రంది లేదు. నేను అయిదుగురు పేరంటాండ్లను తోలుకొస్త. దినం సుత నల్లా దినమే పడ్డది."

లత నిజం చెబుదామని నోరు తెరిచింది, కానీ తల్లి ఎదురుగా కూర్చుని, ఆ మాటలు విని, వారం రోజుల్లో మొదటిసారి ముఖం విప్పి చూస్తోంది. నోరు మూసుకుంది. ఇక తానే చెప్పుకోవాలని రాజమల్లు దగ్గరకు పోయి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గడ్డి మీద కాళ్లు బారజాపుకుని కూర్చుని, ఓపిగ్గా విన్నాడు.

"ఇరవై రెండేండ్లు పరాయోని గడ్డికి నీళ్లు వట్టిన బిడ్డా. గా గడ్డి మీద ఒక్కనాడు కూసోనియ్యలే. గిది నాది. గీని మీద కూసుంట, పంట, బొర్లుత. నన్ను అడిగేటోడు లేడు." అరచేత్తో గడ్డిని నిమిరాడు. "మీకు రాకుంట నేనెందుకు చేస్తనే? వాల్వు తక్కువ తిప్పుతుండొచ్చు. ఎల్లేశంకు నేను జెప్త గద."

చెడ్డవాడైతే తిట్టి రావచ్చు. మంచివాడు, పైగా తన మోటరే అవతలివాళ్ల నీళ్లు తాగేస్తోందని కలలో కూడా అనుకోనివాడు. అందరిదీ అదే వరస. ఎల్లేశం వాల్వు మీద అనుమానం లేనివాడు లేడు, తన మోటరు మీద అనుమానం ఉన్నవాడూ లేడు. లత కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వచ్చింది.

ఇరవయ్యొకటో రోజు వచ్చింది. పొద్దున ఏడింటికి ట్రాలీ ఆటో ఆగింది. రాజవ్వ దిగింది, ఆమె వెనక అయిదుగురు ఆడవాళ్లు, పసుపు, కుంకుమ, ఆకువక్కలు, నానబెట్టిన శనగలు. సంధ్యకు తలకు గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి, కొత్త చీర కట్టించారు. నల్లా కింద ముగ్గు వేసి, ఇత్తడి బిందె పెట్టారు. పోశవ్వ నల్లా వంకే చూస్తూ నిలబడింది.

ఏడుంబావు. ఏడున్నర. నల్లా ఒకసారి బుస్సుమంది. ఒక్క చుక్క జారి, ముగ్గు మీద పడింది. అంతే.

రాజవ్వ మనుమరాలిని భుజం మార్చుకుని, పోశవ్వ ముఖం చూడకుండా మెల్లగా అంది.

"రాకపోతే నువ్వేం చేస్తవు వదినె. సంధ్యా, పిల్ల బట్టలు సదురుకో. ఆటో ఉండనే ఉన్నది."

పోశవ్వ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఖాళీ బిందెను తీసి, తన తప్పే అన్నట్టు కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది చూసి లతకు మెడలో కెమెరా మోయలేనంత బరువనిపించింది. సిగ్గు పడాల్సిన వాళ్లను సింగారించింది తను, ఇప్పుడు తలవంపులు తల్లికి. వాకిట్లోకి వచ్చి చూసింది. గేటు ముందర, సిమెంటు రోడ్డు వారగా, తళతళా మెరుస్తూ నీళ్లు పారుతున్నాయి. పై ఇళ్ల లాన్లు తాగలేక కక్కిన నీళ్లు, ఎండిన నల్లాకు పదడుగుల దూరంలో, మోరీలోకి పోతున్నాయి. లతకు ఒళ్లు మండింది.

గిరుక్కున లోపలికి వచ్చి, తల్లి చేతిలోని బిందె లాక్కుంది.

"అత్తమ్మా, గంగమ్మ మా ఇంటికి రాదట. మనమే గామె కాడికి పోదాం. లే సంధ్యా!"

"యాడికే?" అంది రాజవ్వ.

"యాడ పారుతుంటే గాడికి."

రాజవ్వ ఒకసారి రోడ్డు మీది నీళ్లను చూసింది, ఒకసారి లతను చూసింది. సిరిసిల్లలో నలభై ఏళ్లు మగ్గాల చప్పుడు మధ్య సంసారం చేసిన మనిషి, ఆమెకు విషయం రెండుసార్లు చెప్పనక్కర్లేదు.

"గదే నిజం. మొక్కేది గంగకు గని గోడకు గాదు. పదండ్రి" అని పిల్లను ఎత్తుకుని ముందు నడిచింది. పోశవ్వ మాత్రం కదల్లేదు, నల్లా దగ్గరే కూలబడింది.

ఎనిమిది ఇళ్లు దాటితే రాజమల్లు ఇల్లు. ఆయన తెల్లంగీలో, కల్యాణి పట్టుచీరలో, పైపుతో సహా ఫోటో కోసం సిద్ధంగా ఉన్నారు. కెమెరాతో పాటు పసిపిల్ల, పేరంటాండ్లు రావడం చూసి ఆయన మురిసిపోయాడు.

"రాండ్రి రాండ్రి, గడ్డి మీద కూసోండ్రి!"

ఎవరూ గడ్డి మీద కూర్చోలేదు. సంధ్య ర్యాంపు కింద, నీళ్లు రోడ్డు మీదికి దూకే చోట, తడిలోనే గొంతుక్కూర్చుంది. అయిదు రాళ్లు ఏరి, కడిగి, పసుపు రాసి వరసగా పెట్టింది. ఆకువక్కలు, శనగలు పెట్టింది. తర్వాత చెయ్యి చాచి కల్యాణి చేతిలోని పైపు మూతికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టింది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. ఇరుగుపొరుగు గేట్ల దగ్గరకు చేరారు. లత ఫోటోలు తీస్తూనే ఉంది. ఈసారి ఎవరినీ నవ్వమనలేదు.

"ఏందిది లతా? మా పైపుకు పసుపు వెడ్తున్నరేంది?" కల్యాణి పైపును వెనక్కి గుంజుకుంది.

"ఇయ్యాల చెల్లెకు ఇరవయ్యొక్కటి అత్తమ్మా. మా నల్లాల చుక్క రాలే. మూడేండ్ల సంది రాలే. మీరంత మోటర్లు పెట్టి గుంజుతున్నరు, చివరికి గాలే మిగుల్తున్నది. నీళ్లు మీ తాన ఉన్నయి, గందుకే మీ పైపుకు మొక్కుతున్నది."

కల్యాణి ముఖం మాడిపోయింది. పైపును మొగుడి చేతిలో పెట్టేసి, పట్టు కొంగుతో మూతి మూసుకుంది. ఆయన ముందర ఇత్తడి బిందె పెట్టింది రాజవ్వ.

"నింపు తమ్మీ."

బిందె నిండడానికి గట్టిగా నిమిషం పట్టలేదు. పొంగి పొర్లింది. సంధ్య దాన్ని చంకన పెట్టుకుని లేచింది. రాజమల్లు చేతిలో పైపు మిగిలింది. గడ్డి మీదికి తిప్పబోయాడు, ఆగాడు. రోడ్డు మీదికి తిప్పబోయాడు, అక్కడ పసుపు రాళ్లు. కుంకుమబొట్టు ఉన్న పైపును కింద పడేయడానికి చెయ్యి రాలేదు. నీళ్లు ఆయన ఇస్త్రీ అంగీ మీదనే కారుతున్నాయి.

"మొక్కిన గంగ తమ్మీ. తొక్కుకుంట పోవద్దు. బందు వెట్టు" అంది రాజవ్వ.

కల్యాణి లోపలికి ఉరికి మోటరు ఆపింది. పైపు కక్కు కక్కుమని ఆగిపోయింది. రాజవ్వ అంతటితో ఊరుకునే రకమా? కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కింటివైపు చూసింది.

"గా పైపు సుత మంచిగనే పారుతున్నది. గాడ ఇంకో బిందె మొక్కుదాం. కెమెరా పట్టు లతా!"

టక్కుమని పక్కింటి మోటరు ఆగింది. ఆ వెనకాల ఇంకోటి. కారు కడిగేవాడు తడి బట్ట వదిలేసి ఇంట్లో దూరాడు. చూస్తుండగానే, మొక్కించుకునే భాగ్యం మాకొద్దంటే మాకొద్దన్నట్టు, వరసగా మోటర్లన్నీ ఆగిపోయాయి. కాలనీలో పొద్దున పూట పిచ్చుకల అరుపు వినిపించడం ఎన్నాళ్లయిందో!

అప్పుడు వినిపించింది, చివరింటి నుంచి పోశవ్వ కేక.

"అచ్చినయ్! లతా, నల్లా అచ్చింది! ఓ సంధ్యా, నీళ్లే!"

అందరూ అటు పరిగెత్తారు. నల్లాలోంచి బొటనవేలంత ధార దూకుతోంది. సంధ్య మళ్లీ మొక్కింది, ఈసారి తన తల్లి వాకిట్లో. బిందెలు నిండాయి, బకెట్లు నిండాయి, గిన్నెలు, చెంబులు, ఆఖరికి పిల్లకు నీళ్లుపోసే తొట్టి కూడా నిండింది. ఇంకేం మిగల్లేదు. నీళ్లు వాకిట్లోకి పారడం మొదలైంది.

పోశవ్వ నల్లా కట్టేయబోయింది. తిరగదే! నీళ్లొస్తే చప్పుడు వినబడాలని మూడేళ్లుగా తెరిచే ఉంచిన నల్లా, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. లత పట్టింది, రాజవ్వ పట్టింది, పేరంటాండ్లు ఒక్కొక్కరే పట్టారు. ఊహూ. "అయ్యో నీళ్లు, అయ్యో నీళ్లు!" అని పోశవ్వ అరచెయ్యి అడ్డం పెడితే, వేళ్ల సందుల్లోంచి చిమ్మి అందరి మీదా పడింది. పొద్దుటి నుంచి ఊరందరినీ వేలెత్తి చూపిన ఇల్లు, ఇప్పుడు ఊరందరి ముందర నీళ్లు పారబోస్తోంది.

అప్పుడు రాజమల్లు గుంపును తోసుకుంటూ వచ్చాడు, చేతిలో పానాతో. చెప్పులు విడిచి బురదలో కూర్చుని, నల్లా గొంతు పట్టి, అటు ఒక తట్టు, ఇటు ఒక తట్టు తట్టి, మెల్లగా తిప్పాడు. ఇరవై రెండేళ్లు అదే పని చేసిన చేతులు. ధార సన్నబడింది, చుక్కయింది, ఆగింది.

"షార్జాల ఒక్క చుక్క రోడ్డు మీద వడ్డా ఫోర్మన్ ముందట తలకాయ దించుకొని నిలవడేది" అన్నాడు నల్లానే చూస్తూ. "ఈడ అడిగేటోడు లేడని..."

పోశవ్వ ఆయన పక్కనే బురదలో కూర్చుంది.

"అన్నా, ఎల్లుండి గూడ అస్తయా?"

గేటు దగ్గర నిలబడ్డ కాలనీవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజవ్వ పిల్లను జోకొట్టడం ఆపి, రాజమల్లు ఏమంటాడా అని చూసింది.

"అస్తయి చెల్లె" అన్నాడాయన. "నీ బిందెలు నిండినయని నువ్వు ఫోన్ చేసినంకనే నా మోటరు నడుస్తది. గడ్డి ఎండితే ఎండనీ."

రాజవ్వ ఆటోవాడిని కేకేసి, సామాను దించడానికేం లేదు, ఎక్కించడానికీ లేదు, సాయంత్రం తమను మాత్రం తీసుకుపోతే చాలని చెప్పింది. తర్వాత వియ్యపురాలి దగ్గరకు వచ్చి పిల్లను చాచింది.

"పట్టుకో వదినె, నీ మనుమరాలిని. మూన్నెల్లు నీ తాన్నే ఉంటది."

లత కెమెరా ఎత్తనే లేదు. కళ్ల నిండా నీళ్లు, ఎత్తినా ఏం కనబడేది కాదు. పోశవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. కొంగూ తడే. నడుముకు తుడుచుకుంది, అదీ తడే. ఇంట్లో పొడిబట్ట ఒక్కటి మిగల్లేదు. చివరికి ఆ తడి చేతులతోనే మనుమరాలిని అందుకుంది.